భాద్రపదంలో వలస పక్షుల కోసం చెరువు అంచున ఏం చూడాలి?

హైదరాబాద్‌లో వలస పక్షులంటే చాలామందికి డిసెంబరు చలి, చెరువు నడుమ తేలే బాతుల గుంపులు గుర్తుకొస్తాయి. నిజానికి ఈ రాకలు ఆగస్టు నుంచే మొదలవుతాయి. ముందుగా దిగేవి పెద్ద పక్షులు కావు, ఒడ్డు బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకి జాతి చిన్న పిట్టలు. అందువల్ల ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువు నడుమను వదిలి, నీరూ నేలా కలిసే అంచును వెతకడం నేర్చుకోవాలి.

వానలు బాగా పడిన ఏడాది సెప్టెంబరులో చెరువు అలుగు దాకా నిండి ఉంటుంది, బురద అంతా మునిగిపోతుంది, పొట్టికాళ్ల పిట్టలకు నిలబడే చోటు దొరకదు. కట్ట మీది నుంచి చూసేవారికి అక్కడ లోతైన నీరే కనిపిస్తుంది కాబట్టి, ‘పక్షులింకా రాలేదు’ అనుకొని వెనుదిరుగుతారు. కట్టకు ఎదురుగా, వాగు వచ్చి కలిసే వైపు, శిఖం భూముల్లో (చెరువు నిండితే మునిగే నేలల్లో) చీలమండ లోతు నీరు నిలిచిన చోటుకు వెళ్లాలి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువుకైనా, 1920లో మూసీపై పూర్తయిన గండిపేటకైనా, 1927 నాటి హిమాయత్‌సాగర్‌కైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యంలో మాత్రం మొసళ్లుంటాయి కనుక నీటి అంచుకు దిగకూడదు.

ఉదయం తూర్పు ఒడ్డున నిలబడితే సూర్యుడు వీపు వెనుక ఉంటాడు, ఎదుటి పిట్ట రంగులు స్పష్టంగా తెలుస్తాయి. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. పన్నెండు రెట్లు పెద్దదిగా చూపేదాన్ని కొనమని దుకాణంవాళ్లు ఒత్తిడి చేస్తారు గానీ, చేతిలో అది వణికే తీరుకు పిట్ట కంటే వణుకే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ ఉల్లంకి పిట్టల్లో ఎక్కువ తికమక పెట్టేవి మూడు శాండ్‌పైపర్లు. కామన్ శాండ్‌పైపర్ నడిచినంతసేపూ వెనుక భాగాన్ని పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది. రొమ్ము పక్కనుంచి తెల్లదనం భుజం ముందుకు చీలికలా చొచ్చుకు వస్తుంది. లేచినప్పుడు రెక్కలను బిగదీసినట్టు ఉంచి, నీటిని దాదాపు తాకుతూ ఎగురుతుంది. గ్రీన్ శాండ్‌పైపర్ పైభాగం ముదురుగా ఉంటుంది, ఎగిరితే తోక మొదలు తెల్లగా మెరుస్తుంది, రెక్కల అడుగు నల్లగా కనిపిస్తుంది. వుడ్ శాండ్‌పైపర్ వీపు నిండా లేత చుక్కలు, కంటిపై పొడవైన తెల్ల గీత, పసుపు ఛాయ కాళ్లు ఉంటాయి. దీని రెక్కల అడుగు లేత రంగు. కాబట్టి కూర్చున్న పిట్టను చూసి తేల్చుకోలేకపోతే, అది తనంతట తానే ఎగిరేదాకా ఆగడం మంచిది. ఫొటో కోసం దాన్ని తరిమి లేపడం తప్పు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి మేతకు దొరికే ప్రతి గడియా విలువైనదే.

గట్టున తోకాడిస్తూ తిరిగే వ్యాగ్‌టెయిళ్లన్నీ అతిథులు కావు. తలా వీపూ నల్లగా ఉండి కంటిపై వెడల్పైన తెల్లటి కనుబొమ ఉన్నది ఏడాది పొడవునా ఇక్కడే ఉండేది. తీతువు పిట్టలు, చిలువ బాతులు కూడా స్థానికులే. గులాబి రంగు ఒంటితో, నల్లని తలతో గుంపులుగా వచ్చే రోజీ స్టార్లింగులు మాత్రం మధ్య ఆసియా వైపు నుంచి వచ్చేవి. గోరింకల బంధువులు కావడంతో జొన్న చేలలో వాటిని గోరింకలనే అనుకునేవారు ఎక్కువ.

బాతుల విషయంలో పుస్తకంలోని బొమ్మను నమ్ముకోవడం కష్టం. తొలి గుంపుల్లో వచ్చే గార్గనీ మగబాతులు సంతాన కాలపు ఈకలు రాల్చి, ఆడబాతుల మాదిరిగానే మట్టిరంగులో ఉంటాయి. ముఖంమీది చారలు చూడాలి, ఎగిరినప్పుడు మగదాని రెక్క ముందుభాగంలోని బూడిద నీలాన్ని గమనించాలి. ఏమీ తేలకపోతే ‘బాతు, జాతి తెలియదు’ అని రాసుకోవడమే నిజాయితీ.

నోటు పుస్తకంలో తేదీ, సమయం, పక్షుల సంఖ్యతో పాటు నీరు ఎక్కడిదాకా ఉందో కూడా రాయాలి. తూము మెట్లలో ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టినా చాలు. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా చేర్చేటప్పుడు ఆ వివరాన్ని వ్యాఖ్యల గడిలో చేర్చితే, మరుసటి ఏడాది అదే చెరువుకు ఏ వారంలో వెళ్లాలో నిర్ణయించుకోవడం తేలికవుతుంది.