టర్బో నీలిపొగ: రిపేరు కిట్టుతో బాగుపడింది

డీజిల్ ఇంజిన్ కాసేపు ఐడిలింగ్‌లో ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే గుప్పున నీలిపొగ, అంటే ఇంజిన్ నూనె కాలుతోందన్నమాట. టర్బో (ఇంజిన్ పొగ వేగంతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) షాఫ్టు పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగేది. ఎయిర్ ఫిల్టర్, గొట్టాలు, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే దారి) మార్చినా ప్రయోజనం లేదు.

విప్పేముందు హౌసింగులకూ (బయటి డొప్పలకూ) మధ్య భాగానికీ కలిపి గుర్తులు పెట్టాను. కంప్రెసర్ (గాలి నెట్టే వైపు) నట్టు, చక్రం, షాఫ్టు కొసల మీదుగా ఒకే గీత గీశాను. బ్యాలెన్స్ చెడకుండా కాపాడేది ఆ గీతే. నా టర్బోలో ఆ నట్టుది ఎడమ మర, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. బేరింగులు, సీలు రింగులు కొత్తవి వేశాను. టర్బైన్ (పొగ తిప్పే చక్రం) వైపు రింగు గాడిలో మసి రాయిలా గట్టిపడింది. గీకకుండా కార్బన్ క్లీనర్‌లో నానబెట్టి బ్రష్షుతో తీశాను.

బేరింగులు అరగడానికి అసలు దోషి వాటికి నూనె తెచ్చే సన్నని పైపు. ఊదితే గాలి కూడా సరిగా పోలేదు! అదీ మార్చాను. బిగించాక నూనె రంధ్రంలో నూనె పోసి, షాఫ్టును చేత్తో తిప్పాను. తర్వాత ఇంధనం ఆపి, నూనె ఒత్తిడి వచ్చేదాకా స్టార్టరుతో విడతలుగా తిప్పాను.

పొగ పోయింది. చక్రాల రెక్కలు హౌసింగుకు రాసుకోలేదు కాబట్టే ఇది సరిపోయింది. రాసుకుని ఉంటే, షాఫ్టు మీద గాట్లుంటే, కిట్టు దండగ; బ్యాలెన్స్ చేసిన కార్ట్రిడ్జ్ (షాఫ్టు, చక్రాలు, బేరింగులతో సహా మధ్య భాగం మొత్తం) వేయడమే నయం.