దీవుల క్రూజ్‌కి బాల్కనీ గది: ముందు నెల తేల్చుకోండి, తర్వాతే గది

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ సింగపూర్ వెళ్ళి, అక్కడ ఓడెక్కి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచీ విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు లిఫ్ట్‌లో కనపడితే చాలు, బాల్కనీ గది తీసుకోవాలా, మామూలు గది సరిపోతుందా, ఏ నెలలో వెళ్ళాలి అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. అందరూ గదితో మొదలుపెడతారు, నేనైతే నెలతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే కాలం కాని కాలంలో వెళ్తే ఎంత ఖరీదైన బాల్కనీ అయినా మూసిపెట్టిన అద్దాల తలుపే.

ఇది దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. మేం మొదటిసారి వెళ్ళింది దసరా సెలవుల్లో, దారి ఇదే. టికెట్ బుక్ చేసినవాళ్ళు ధర చెప్పారు, బొమ్మలు చూపించారు, ఆ నెలలో అక్కడ వానలని మాత్రం ఒక్క మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫుకెట్ దగ్గర ఓడ సముద్రంలోనే లంగరు వేసింది, చిన్న బోట్లలో ఒడ్డుకి దించాలి, అలలు ఎక్కువగా ఉన్నాయని బోట్లు రద్దు చేశారు. రోజంతా మంచం మీద కూర్చుని, తలుపవతల వానకి తడుస్తున్న రెండు కుర్చీలని చూస్తూ గడిపాం. ఇలా పోర్టు తప్పిపోతే ఓడవాళ్ళు ఆ పోర్టుకి కట్టించుకున్న పన్ను వరకే మామూలుగా వెనక్కిస్తారు, టికెట్ డబ్బులు రావు, ఎందుకంటే వాతావరణాన్ని బట్టి దారి మార్చే హక్కు కెప్టెన్‌కి ఉంటుందని టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది.

ఇక నెలల సంగతి. ఫుకెట్‌కి మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు, అందులో సెప్టెంబరు, అక్టోబరు మరీ వానలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. అంటే మన పిల్లల దసరా సెలవులు అక్కడి వానలకి, సంక్రాంతి సెలవులు అక్కడి మంచి కాలానికి సరిగ్గా కలుస్తాయి. డిసెంబరు, జనవరిలో సింగపూర్‌లో వానలు పడతాయి, అది నిజమే, కానీ ఓడ ఎక్కడానికి, దిగడానికి తప్ప మనకి అక్కడ పనుండదు. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే చైనా కొత్త సంవత్సరం వారం మాత్రం వదిలేయండి, ధరలు బాగా పెరుగుతాయి.

వేసవి సెలవులు తప్ప కుదరదు అనేవాళ్ళు సింగపూర్ నుంచి పెనాంగ్ దాకా వెళ్ళొచ్చే చిన్న ట్రిప్ చూసుకోండి. అది మలక్కా జలసంధి, ఒక పక్క సుమత్రా, ఇంకో పక్క మలేషియా అడ్డుగా ఉండటం వల్ల పెద్ద అలలు లోపలికి రావు, ఏడాది పొడుగునా దాదాపు నెమ్మదిగానే ఉంటుంది. ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి ఒక్కసారిగా ఈదురుగాలీ వానా వస్తాయి కానీ ఒకటి రెండు గంటల్లో వెళ్ళిపోతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య ఇంకో ఇబ్బంది ఉంది. ఇండోనేషియాలో అడవులు తగలబడిన సంవత్సరాల్లో ఆ ప్రాంతమంతా పొగ కమ్ముతుంది, 2015లో, 2019లో అలాగే అయింది, అప్పుడు బాల్కనీలో కూర్చోవడం కాదు కదా, తలుపు తీయాలని కూడా అనిపించదు.

పాస్‌పోర్టు ఎందుకు, మన దేశంలోనే చూద్దాం అంటే ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్ళే ఓడలు ఉన్నాయి. గుంటూరులో మా బావగారిది మిర్చి వ్యాపారం, ఆయనకి తీరిక దొరికేది యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడే. "ఏమ్మా, మే నెలాఖరుకి లక్షద్వీప్ పోదామా?" అని ఫోన్ చేశారు. "వద్దు బావగారూ, అప్పటికి అరేబియా సముద్రం మాట వినదు" అన్నాను. 2021 మే నెలలో తౌక్టే తుఫాను పుట్టింది ఆ దీవుల దగ్గరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే ఆలోచనే వద్దు. అక్కడి పగడపు దీవుల చుట్టూ నీళ్ళు లోతు తక్కువ, పెద్ద ఓడ దూరంగా ఆగితే బోట్లలో దిగాలి, మనం పున్నమి ఘాట్‌లో భవానీ ద్వీపానికి ఎక్కే బోటు లాంటిదే అనుకోండి, కాకపోతే కింద కదిలేది కృష్ణ కాదు, సముద్రం. గాలి కాస్త పెరిగినా ఆ దిగుడు ఆగిపోతుంది. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా వెళ్తే నిశ్చింత. పర్మిట్ కూడా కావాలి, అది ఎవరు తీస్తారో డబ్బు కట్టేముందే అడగండి.

చెన్నై నుంచి బయల్దేరే ఓడ ఏదైనా కనపడితే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తారీఖులు వద్దు. బంగాళాఖాతం తుఫానుల గురించి మన జిల్లాల వాళ్ళకి వేరే చెప్పాలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచేసే వచ్చింది.

నెల కుదిరిందా, ఇప్పుడు బాల్కనీ. దానికి డబ్బు పెట్టాలా వద్దా అన్నదానికి నా దగ్గర ఒక లెక్క ఉంది. ఓడ ఏ పోర్టు ఎన్నింటికి వదులుతుంది, తర్వాతి దానికి ఎన్నింటికి చేరుతుంది అనేది బుకింగ్ పేజీలోనే ఉంటుంది. అందులో వెలుతురుండగా సముద్రం మీద నడిచే గంటలు ఎన్నో ఒక కాగితం మీద వేసుకోండి. మీరు భోజనానికి, షోలకి, స్విమ్మింగ్ పూల్‌కి పోయే గంటలు తీసేయండి. మిగిలినవే బాల్కనీ గంటలు. కిటికీ లేని లోపలి గదికీ బాల్కనీ గదికీ మనిషికి 12 వేలు తేడా అనుకుందాం, ఇద్దరికి 24 వేలు, మీకు మిగిలేవి 12 గంటలైతే గంటకి 2 వేలు పడ్డట్టు. రెండు రాత్రుల ట్రిప్‌లో, ఓడ సాయంత్రం బయల్దేరి చీకట్లో నడిచి పొద్దున్నే పోర్టు చేరేటట్టయితే ఆ డబ్బు దండగ, పై డెక్ మీద నిలబడితే అదే సముద్రం ఉచితంగా కనపడుతుంది. నాలుగు రాత్రులుండి, అందులో ఒక పగలంతా ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే ఉంటే తీసుకోవచ్చు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ చూడకండి, కళ్ళు మూసుకుని బాల్కనీ తీసుకోండి. మా అత్తయ్యగారు పై డెక్‌కి రోజుకి ఒక్కసారి కూడా ఎక్కలేరు. ఇంట్లో ఆవిడ లేచేది నాలుగున్నరకి. సింగపూర్ టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే ఆవిడకి మెలకువ వచ్చేసరికి అక్కడ ఏడు, ఇంచుమించు సూర్యోదయం అప్పుడే. మొదటి రోజు పొద్దున నేను లేచి చూస్తే మంచం మీద లేరు. శాలువా కప్పుకుని బాల్కనీలో నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. దూరంగా చేపల పడవల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే జిగటగా తగిలింది. ఆవిడ వేలు నాలుకకి తాకించుకుని, "ఉప్పేనే!" అని నవ్వారు. పైనుంచి కాఫీ తెచ్చిచ్చాను, తొమ్మిదింటి దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఆ సూర్యోదయం మా గదికి వచ్చిందంటే వైపు చూసుకుని తీసుకోబట్టే. ఓడ వెళ్ళే దిక్కుకి తిరిగి నిలబడితే ఎడమచేతి వైపుని పోర్ట్ అంటారు, కుడిచేతి వైపుని స్టార్‌బోర్డ్ అంటారు. సింగపూర్ నుంచి పెనాంగ్‌కి ఓడ వాయవ్యంగా పోతుంది కాబట్టి కుడివైపు గదులకి పొద్దుటి సూర్యుడు, మలేషియా తీరం వైపు చూపు. ఎడమవైపు వాళ్ళకి సూర్యాస్తమయం. తిరుగు ప్రయాణంలో ఇవి తారుమారవుతాయి. ముంబై నుంచి దక్షిణంగా లక్షద్వీప్ పోయేటప్పుడు సాయంత్రం ఎండ కుడివైపు కొడుతుంది, వచ్చేటప్పుడు ఎడమవైపు. మ్యాప్ ముందేసుకుని ఏ వైపు ఎప్పుడు ఎండ వస్తుందో చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. పోర్టులో ఓడ ఏ వైపు గట్టుకి ఆనుతుందో మాత్రం ముందే తెలియదు, దాని గురించి టెన్షన్ పడకండి.

తర్వాత ఓడలో గది ఎక్కడుందో చూడాలి. పల్లెవెలుగు బస్సులో చివరి సీటు వాళ్ళు ఎగిరెగిరి పడుతుంటే మధ్య సీటు వాళ్ళు హాయిగా నిద్రపోతారు చూడండి, ఓడ కూడా అంతే. మన పడవలవాళ్ళు అణియం అనే ముందు కొసలో ఊపు ఎక్కువ, అమరం అనే వెనక కొసలో కొంచెం ఊపుతో పాటు ఇంజన్ల అదురు. మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు అక్కడే తీసుకోవాలి. వాళ్ళకి బాల్కనీ మంచిదే, చల్లగాలి తగిలేలా కూర్చుని సముద్రం ఆకాశం కలిసే గీత వైపు చూస్తుంటే వికారం తగ్గుతుంది. వెనక కొస బాల్కనీలు కొన్ని ఓడల్లో కాస్త పెద్దవి, ఓడ వెనక నురుగు దారి ఎంతో దూరం కనపడుతుంది, ఊపు పడనివాళ్ళు లేకపోతే అవి బాగుంటాయి.

డెక్ ప్లాన్ అని ప్రతి ఓడకీ ఆన్‌లైన్లో ఉంటుంది, మీ గదికి పైన, కింద ఏముందో అందులో చూడండి. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. దసరా ట్రిప్‌లో మా గది సరిగ్గా బఫే కింద పడింది, తెల్లవారకముందే పైన కుర్చీలు ఈడ్చే చప్పుడు, పిల్లలు రోజూ ఏడుస్తూ లేచారు. అది గ్యారంటీ టికెట్, అంటే బాల్కనీ గది అని మాత్రమే మాట ఇస్తారు, ఏ గది అనేది వాళ్ళిష్టం. చవకే, కానీ పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేటప్పుడు వద్దు, నాలుగు డబ్బులు ఎక్కువైనా గది నంబరు మీరే ఎంచుకోండి. లైఫ్‌బోట్లకి కాస్త పైనుండే గదుల్లోంచి కిందకి చూస్తే బోట్ల కప్పులే కనపడతాయి, బుకింగ్‌లో 'అబ్‌స్ట్రక్టెడ్' అని కనపడితే ఇలా చూపుకి ఏదో అడ్డుందని అర్థం.

పేర్లతో కూడా జాగ్రత్త. రాయల్ కరీబియన్ అనే ఓడల కంపెనీ వాళ్ళ క్వాంటమ్ తరహా ఓడల్లో వర్చువల్ బాల్కనీ అని ఉంటుంది, అది లోపలి గదే, గోడకి పెద్ద తెర పెట్టి బయటి సముద్రం చూపిస్తారు. వాళ్ళ ఒయాసిస్ తరహా ఓడల్లో కొన్ని బాల్కనీలు నిజం బాల్కనీలే కానీ ఓడ మధ్యలో ఉన్న పార్కు వైపు తెరుచుకుంటాయి. ముంబై నుంచి తిరిగే కార్డేలియా ఎంప్రెస్ 1990 నాటి ఓడ, ఆ రోజుల్లో ఓడలకి ఇన్ని బాల్కనీలు పెట్టేవాళ్ళు కాదు, అందుకని అందులో ఆ గదులు కొన్నే ఉంటాయి, నెలల ముందే చూసుకోవాలి.

రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క గదులు తీసుకుని, ఎక్కగానే గది చూసే అటెండెంట్‌ని బాల్కనీల మధ్య అడ్డు తీయమని అడగండి, చాలా ఓడల్లో తీస్తారు. మాకు తీశారు, మా అక్కా నేనూ రాత్రి పిల్లలు పడుకున్నాక అక్కడే కూర్చున్నాం. పసిపిల్లలుంటే కుర్చీలు రెయిలింగ్‌కి దూరంగా జరపండి, తలుపు గడియ ఎప్పుడూ వేసే ఉంచండి. బాల్కనీ తలుపు తీసి ఉన్నప్పుడు గది తలుపు తెరిస్తే గాలికి అది దఢాలున కొట్టుకుంటుంది, వేళ్ళు నలుగుతాయి. టవళ్ళు రెయిలింగ్ మీద ఆరేయకండి, సముద్రంలోకే పోతాయి.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, అగరబత్తీలు, దీపం ఒత్తులు ఓడలోకి రానివ్వరు, చెకింగ్‌లోనే పక్కన పెట్టేస్తారు. అత్తయ్యగారికి ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. పచ్చళ్ళ సంగతి ఆ ఓడవాళ్ళనే అడిగి తీసుకెళ్ళండి.

చివరిగా, గన్నవరం నుంచి వెళ్ళినా, హైదరాబాద్ మీదుగా వెళ్ళినా, ఓడ ఎక్కే రోజు పొద్దున దిగే విమానం మాత్రం తీసుకోకండి, విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందు రోజే చేరి అక్కడ పడుకోండి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుందో లేదో, సింగపూర్‌లోకి రెండోసారి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో గది బుక్ చేసే రోజునే చూసుకోండి, ఎందుకంటే ఓడ మళ్ళీ సింగపూర్‌కే తీసుకొచ్చి దించుతుంది.