పెంపుడు కుక్కను పెరట్లో పూడ్చే ముందు
కుక్కో పిల్లో కన్నుమూస్తే మన పెరట్లోనే ఉండాలని మనసు లాగుతుంది. అది ఎలా పోయిందో ముందు చూడండి. నయం కాని జబ్బుతో బాధపడుతుంటే డాక్టరుగారు సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చారా? ఆ మందు కళేబరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. వీధికుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణం మీదికి వస్తుంది, పాపం. రేబిస్ అనుమానం ఉంటే అసలు తాకకుండా పశువైద్యశాలకు చెప్పండి. ఈ రెండింటిలోనూ దహనమే మేలు. హైదరాబాద్ వారికి ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది.

మామూలు మరణమై, సొంత స్థలం ఉంటే నిశ్చింతగా పూడ్చవచ్చు. బావికి, బోరుకు బాగా దూరంగా 4 అడుగుల గొయ్యి తీయండి. పాలిథిన్ సంచి వద్దు; అది రోజూ పడుకున్న నూలు దుప్పటే చుట్టండి. తవ్వుతుంటే నీరు ఊరితే మాత్రం అక్కడ మానుకోండి.