ప్రార్థన చేస్తున్నా ఎదుగుదల లేదా? ఎక్కడ ఆగిందో చూసుకుందాం

తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి చాపలు చుట్టేటప్పుడు ఎవరో ఒకరు పాస్టరమ్మ గారి పక్కన చేరి మెల్లగా ఈ మాట అంటారు. "అమ్మగారూ, రోజూ ప్రార్థన చేస్తానే ఉన్నా, ఆత్మీయంగా మాత్రం ఉన్నచోటే ఉన్నా, నా వల్ల ఒక్కరికైనా మేలు జరిగింది లేదు."

ఈ బాధ చిన్నది కాదు, దీన్ని "ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యి" అని ఒక్కమాటతో సరిపెట్టకూడదు. ఎక్కువ సార్లు మనం అడిగేదానిలో మనిషి ముఖం ఉండదు, అక్కడే ఆగిపోతుంది. మిగతా కారణాలూ ఉన్నాయి, కింద మీ సంగతి ఏదో చూసుకోండి.

సమస్య: రోజూ అవే మాటలు, ఐదు నిమిషాలకే అయిపోతున్నాయి

కారణం: అడిగేది మరీ గంపగుత్తగా ఉంది. "ప్రభువా ఆశీర్వదించు, ఎదిగించు, నన్ను వాడుకో" అన్నవి మంచి మాటలే. ఏ విషయంలో ఎదగాలో, ఎవరి మధ్య వాడుకోవాలో అందులో లేదు కాబట్టి రేపు జవాబు వచ్చినా అది జవాబని మనం గుర్తుపట్టలేం.

పరిష్కారం: పౌలు సంఘాల కోసం చేసిన ప్రార్థనలు తీసి చదవండి. కొలొస్సయులకు 1:9-11, ఫిలిప్పీయులకు 1:9-11, ఎఫెసీయులకు 3:14-19, మూడూ కలిపి చదివినా పది నిమిషాలు పట్టదు. ఈ మూడు పత్రికలూ ఆయన బంధకాల్లో ఉండి రాసినవే, అయినా ఈ ప్రార్థనల్లో తన విడుదల గురించి ఒక్క మాట లేదు. దేవుని చిత్తం తెలియాలి, ప్రేమ తెలివితో కలిసి పెరగాలి, లోపలి మనిషి బలపడాలి, ఓర్పు కావాలి అని అడిగాడు. వాటిలో ఒక్కటి తీసుకుని మీ రోజులో పెట్టండి. ఉదాహరణకి ఓర్పు. జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్లే ఒక చెల్లెలు ఇలా అడగొచ్చు: "ప్రభువా, ఈరోజు సూపర్‌వైజర్ అందరి ముందర అరిస్తే, ఆ కోపం ఇంటికి మోసుకెళ్లి పిల్లల మీద తీర్చుకోకుండా నాకు ఓర్పు ఇవ్వు." రాత్రి పడుకునేలోపు దీని జవాబు తెలిసిపోతుంది. పిల్లోడు చొక్కా మీద సాంబారు పోసుకున్నప్పుడు చెయ్యి లేచిందా, ఆగిందా? ఆగితే స్తుతి, లేస్తే ఆ పిల్లోడిని దగ్గరకు తీసుకుని ఓదార్చి, రేపు మళ్లీ అదే ప్రార్థన. ఒక నోటుబుక్కులో తేదీ వేసి ఒక్క లైను రాసుకుంటే మంచిది, నెల తిరిగేసరికి ఎదుగుదల ఎక్కడుందో కాగితం మీదే కనపడుతుంది.

సమస్య: కూడికలో కన్నీళ్లు వస్తాయి, ఇంటికొస్తే పాత మనిషినే

కారణం ఒకటి: ఎదుగుదలని కన్నీళ్లతో కొలుస్తున్నాం. కన్నీళ్లు దేవుడిచ్చినవే, వాటిని తక్కువ చేయక్కర్లేదు, కానీ గలతీయులకు 5:22-23లో ఆత్మఫలంగా, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించే గుణాలుగా చెప్పిన తొమ్మిదీ (ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం) పక్కనున్న మనిషికి తెలిసేవే. కాబట్టి మీ గురించి మీరే తేల్చుకోకుండా ఇంట్లో వాళ్లని అడగండి. "పోయిన సంవత్సరం కంటే నా నోరు తగ్గిందా?" అని భార్యనో, భర్తనో, పెరిగిన పిల్లల్నో అడిగి, వాళ్లు చెప్పేటప్పుడు అడ్డు తగలకుండా వినాలి. కష్టంగానే ఉంటుంది. ఆ తొమ్మిదిలో దేని దగ్గర వాళ్లు ఆగారో అదే మీ వచ్చే నెల ప్రార్థన.

కారణం రెండు: ఎక్కడో ఒక గొడవ మిగిలిపోయింది. మన ప్రాంతంలో ఇది చాలా వరకు గట్టు తగాదానో, మామిడి తోట పంపకాలో, బోరు నీళ్ల వంతో అయ్యుంటుంది. అన్నదమ్ములు ఒకే సంఘంలో ఒకే పాట పాడుతూ ఏళ్ల తరబడి పలకరించుకోని ఇళ్లు ఉన్నాయి. మత్తయి 5:23-24లో యేసు వరుస తేల్చి చెప్పేశాడు: ముందు అర్పణ అక్కడే వదిలిపెట్టి సహోదరుడితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. భార్యని సన్మానించని భర్త ప్రార్థనలకే ఆటంకం అని 1 పేతురు 3:7లో ఉంది, మగవాళ్లం ఆ వచనం మీద త్వరగా పేజీ తిప్పేస్తాం.

పరిష్కారం: ఆస్తి సంగతీ క్షమాపణా ఒకే ఫోన్‌లో కలపొద్దు. "అన్నా, గట్టు సంగతి పెద్దమనుషుల ముందర మాట్లాడుకుందాం, దాని కోసం ఫోన్ చేయలా. ఆ రోజు వదిన ముందర నిన్ను అనరాని మాట అన్నాను, అది తప్పు, క్షమించు." ఇంతే. వెంటనే "అయినా నువ్వు కూడా..." అని మొదలుపెడితే ఆ క్షమాపణ పోయినట్టే. సమాధానపడటం అంటే న్యాయంగా రావాల్సిన వాటా వదులుకోవడం అని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లని "క్షమించి ఆ ఇంటికే వెళ్లు" అని పంపకూడదు, ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు చూడాలి.

సమస్య: "నా సరిహద్దు విశాలపరచు" అని ఏళ్లుగా అడుగుతున్నా ఏదీ పెరగలేదు

కారణం: ఈ మాట బైబిల్లో యబ్బేజు అనే అతను చేసిన ప్రార్థనలోది (1 దినవృత్తాంతములు 4:10), దాన్ని సగమే పట్టుకున్నాం. ఆశీర్వదించు, సరిహద్దు పెంచు అన్న తర్వాత, నీ చెయ్యి నాకు తోడుండాలి, కీడునుంచి తప్పించు అని కూడా అతను అడిగాడు. ముందు రెండే వాగ్దానం కార్డు (సంఘంలో వచనం రాసి ఇచ్చే కార్డు) మీదకి ఎక్కుతాయి. ఇంకోటి, ప్రభావం అంటే మైకు, స్టేజీ, ఫ్లెక్సీ మీద ఫోటో అని మనసులో ఎక్కడో పడిపోయింది. యేసు శిష్యులు యాకోబు, యోహాను కూడా ఆయనకి కుడి ఎడమల కుర్చీలే అడిగారు. గొప్పవాడు కావాలంటే పరిచారకుడై ఉండాలి అని యేసు జవాబిచ్చాడు (మార్కు 10:35-45).

పరిష్కారం: సరిహద్దు మీ ఇంటి మెట్ల దగ్గర మొదలవుతుంది. రోజూ ఎదురయ్యే ఐదుగురి పేర్లు రాయండి, ఒక్కొక్కరికి ఇప్పుడు ఏది అవసరమో పక్కన రాయండి. అవసరం తెలియకపోతే వాళ్లతో ఇంకా మాట్లాడలేదని అర్థం, ముందు ఆ పని చేయండి. చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ ఆసుపత్రి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దాన్ని మొదలుపెట్టిన ఇడా స్కడర్ అమెరికాలో చదువుకుని తల్లికి జబ్బుగా ఉందని వచ్చారు, ఇక్కడ ఉండిపోయే ఉద్దేశం ఆమెకి లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు విడివిడిగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమని ఆమెనే బతిమాలారు. ఆమె డాక్టర్ కాదు, డాక్టరైన తండ్రిని మగవాడని వాళ్లు రానివ్వలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రంతా ప్రార్థనలో ఉన్న ఆమె, వైద్యం చదవడానికి వెళ్లి తిరిగొచ్చి 1900లో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టారు, 1918లో ఆడవాళ్లకి వైద్య పాఠశాల పెట్టారు. స్కడర్ల కుటుంబం 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్‌కి చిత్తూరు కూడా ఒక కేంద్రం. అంత పెద్ద సరిహద్దుకి మొదలు గుమ్మం ముందుకొచ్చిన ముగ్గురి అవసరం.

సమస్య: తిరుపతి లాంటి ఊళ్లో సాక్ష్యంగా ఉండాలంటే భయం, లేదంటే మాట్లాడితే గొడవ

కారణం: సాక్ష్యం అంటే వెంటనే ప్రకటించడమే అనుకుంటున్నాం. పక్కింటివాళ్లకి తిరుమల కొండ ఎంత పవిత్రమో తెలిసి కూడా వాళ్ల నమ్మకాన్ని కించపరిచేలా మాట్లాడితే మనం పోగొట్టుకునేది వాళ్ల గౌరవాన్నే. నోటిఫై చేసిన ప్రార్థనాస్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధించే చట్టం రాష్ట్రంలో 2007 నుంచి ఉంది, తిరుమల విషయంలో అది మనసులో ఉంచుకోవాలి.

పరిష్కారం: 1 పేతురు 3:15 ప్రకారం అడిగినవాళ్లకి సాత్వికంతో, భయభక్తులతో జవాబు చెప్పాలి. అంటే ఎదుటివాళ్లు అడిగేలా మన బతుకు ఉండాలి. తిరుపతి పెద్దాసుపత్రుల్లో రాయలసీమ నలుమూలల నుంచి రోగులకి తోడు వచ్చినవాళ్లు వరండాలో దుప్పటి పరుచుకుని పడుకుంటారు. రాత్రి డ్యూటీ నర్సు ఒకామె వాళ్లలో ఒక పెద్దావిడకి స్కానింగ్ గది ఎటో చూపించి, చీటీలో ఏముందో ఓపిగ్గా చదివి చెబితే చాలు. రెండో రోజు ఆ పెద్దావిడే "ఏమ్మా, నీకు విసుగు రాదా?" అని అడగొచ్చు, అప్పుడు చెప్పండి. రోగి కోసం ప్రార్థన చేయాలనిపిస్తే "చేయమంటారా అమ్మా?" అని అడగాలి, వద్దంటే ఇంటికెళ్లి గదిలో చేసుకోవాలి. మందులు మానేయమని మాత్రం ఎవరికీ, ఎప్పుడూ చెప్పొద్దు.

సమస్య: కళ్లు మూస్తే నిద్ర, తెరిస్తే ఫోన్

ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. బైబిల్ కాగితం పుస్తకం తీయండి. తెల్లవారుజామునే చేయాలని పట్టు వద్దు, షిఫ్టు డ్యూటీ వాళ్లు మెలకువగా ఉండే వేళ చూసుకోండి, నడుస్తూ చేసినా పర్లేదు.

సమస్య: అసలు ప్రార్థన చేయబుద్ధే కావడం లేదు

దీనికి అన్నిసార్లూ పాపమో అవిశ్వాసమో కారణం కాదు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గెలిచిన తర్వాత కూడా బదరీవృక్షం కింద చావు కోరుకుంటూ పడుకుంటే దేవుడు గద్దించలేదు, దూతని పంపి రొట్టె పెట్టించి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19). రెండు వారాలుగా నిద్ర, ఆకలి దెబ్బతిని, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగకండి, ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్లతోనే ఆసుపత్రికి వెళ్లండి. మీరు కోలుకునే వరకు మీ పేరు పెట్టి ప్రార్థించమని నమ్మకమైన ఇద్దరికి చెప్పండి. కొలొస్సయుల కోసం వాళ్లలో ఒకడైన ఎపఫ్రా చేసింది అదే (కొలొస్సయులకు 4:12), వాళ్ల తరఫున ప్రార్థనలో పోరాడాడు.