సంక్రాంతికి ఊరెళ్లే ముందు కారు ఆక్సిజన్ సెన్సర్ విషయంలో జాగ్రత్తలు

బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు వైపు సొంత పెట్రోలు కారులో బయల్దేరుతున్నారా? చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉంటే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సరే కారణమని తేల్చేసే ముందు ఇవి చూసుకోండి.

• లైటు ఆరి వెలుగుతూ మినుకుమంటుంటే ఆ బండితో బయల్దేరకండి. అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్లి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. దాని ఖరీదుతో పోలిస్తే సెన్సర్ ఖర్చు ఒక లెక్క కాదు.

• స్కానర్ పెట్టి కారు కంప్యూటర్ చూపే లోపం కోడ్ చూడకుండా సెన్సర్ మార్పించకండి. పి0420 వస్తే వెనక సెన్సర్ (కన్వర్టర్ తర్వాత ఉండేది) మార్చేయడం చాలాచోట్ల అలవాటు. నిజానికి ఆ కోడ్ చెప్పేది కన్వర్టర్ పనితీరు తగ్గిందని. నా బండికీ అలాగే కొత్తది వేశారు, రెండు రోజులకే లైటు మళ్లీ వెలిగింది. తీరా చూస్తే ఎగ్జాస్ట్ పైపు జాయింటు దగ్గర లీకు! బయటి గాలి లోపలికి చేరితే సెన్సర్ లెక్క తప్పుతుంది మరి.

• మార్చాల్సింది కన్వర్టర్‌కు ముందున్న సెన్సరా, వెనకదా అని అడగండి. పెట్రోలు పాళ్లు సరిచూసేది ప్రధానంగా ముందుదే. అది మందగిస్తే మైలేజీ పడిపోతుంది.

• బెంగళూరులో కార్ల విడిభాగాలు దొరికే జె.సి. రోడ్డులో కొనేటట్టయితే పాత సెన్సర్ పార్టు నంబరు ఫొటో తీసుకెళ్లండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కనెక్టర్ మాత్రం కలవదు.

• సెన్సర్ కొనకు గ్రీజు, సిలికాన్ తగలనివ్వకండి. పెట్రోలులో ముంచి కడిగితే బాగవుతుందనే సలహా అసలే వద్దు.