మెయిల్‌కి తాళం, మూడో పాఠం: పంపాల్సింది కప్ప, చెవి కాదు

రెండో పాఠం చివర "మీ పబ్లిక్ కీ నాకు మెయిల్ చేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఈ వారం మెయిల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే అందుకునేవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా తాళం వేసి పంపడం, వచ్చినదాన్ని తెరిచి చదవడం పూర్తిగా చెబుదామనుకున్నాను. కానీ మీలో తొమ్మిది మంది కీలు పంపితే అందులో నలుగురు పంపింది ప్రైవేట్ కీ. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

తప్పు చాలావరకు మాటలో ఉంది. మన ఇళ్లలో "తాళం వేశావా" అంటే తాళంకప్ప, "తాళాలు ఎక్కడ పెట్టావ్" అంటే తాళంచెవులు. రెండింటికీ ఒకే మాట వాడే మనకి, ఇక్కడ కూడా రెండింటికీ కీ అనే పేరే తగిలింది. పబ్లిక్ కీ అంటే తెరిచి ఉన్న తాళంకప్ప అనుకోండి. దాన్ని ఎంతమందికైనా పంచవచ్చు. మీకు రాయాలనుకున్నవాళ్లు ఉత్తరం పెట్టెలో పెట్టి ఆ కప్ప నొక్కేస్తారు, నొక్కాక వాళ్లకే మళ్లీ తీయడం రాదు. తీసే చెవి మీ దగ్గర ఉన్న ప్రైవేట్ కీ ఒక్కటే. ఈ పద్ధతి రాకముందు రహస్యంగా రాసుకోవాలంటే ఇద్దరి దగ్గరా ఒకే చెవి ముందే ఉండాల్సి వచ్చేది, దాన్ని చేరవేయడమే పెద్ద గండం. కప్పనీ చెవినీ విడదీయవచ్చని 1976లో డిఫీ, హెల్‌మన్ అనే పరిశోధకులు చూపించారు, 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని మామూలు జనం మెయిల్ దాకా తెచ్చాడు. ఇంత కష్టపడి విడదీసినదాన్ని మనం మళ్లీ ఒకే అటాచ్‌మెంట్‌లో పెట్టి పంపకూడదు.

ఆ నలుగురిలో ఒక తమ్ముడు ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో టిఫిన్ దగ్గర కలిశాడు, ల్యాప్‌టాప్ వెంట తెచ్చాడు. పంపిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవమన్నాను. మొదట ఐదు గీతలు, తర్వాత "బిగిన్ పీజీపీ ప్రైవేట్ కీ బ్లాక్", మళ్లీ ఐదు గీతలు, కింద అర్థంకాని అక్షరాల వరసలు. ఆ మూడో మాట ప్రైవేట్ అని ఉందా, పబ్లిక్ అని ఉందా, చూడాల్సింది అంతే. ఫైల్ పేరు నమ్మకండి, పేరు ఎవరైనా మార్చవచ్చు, మొదటి వరస చదవండి.

"అక్కా, పాస్‌ఫ్రేజ్ పెట్టానుగా, ఏమవుతుంది?" అన్నాడు. పాస్‌ఫ్రేజ్ అంటే కీ ఫైల్‌కి వేసే పాస్‌వర్డ్. ఈ ధైర్యం నాకు అస్సలు నచ్చదు. ఏటీఎంలో పిన్ మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది. ఫైల్ చేతికి చిక్కినవాడికి ఆ అడ్డు ఉండదు, తన మెషీన్‌లో పెట్టుకుని ఎన్ని పాస్‌ఫ్రేజ్‌లైనా, ఎన్ని నెలలైనా ప్రయత్నిస్తాడు. పైగా ఆ మెయిల్ ఇప్పుడు మీ సెంట్ ఫోల్డర్‌లో ఉంది, సర్వర్‌లో ఉంది, నా ఇన్‌బాక్స్‌లో ఉంది, మీ ఫోన్‌లో కూడా దిగి ఉండవచ్చు. నా దగ్గరివి తుడిచేశాను, అయినా ఆ నాలుగు కీలూ పోయినట్టే లెక్క.

ఆ నలుగురూ ఈరోజే చేయండి. మనం వాడే మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌లో కీ మేనేజర్ తెరిచి, ఆ కీని ఎంచుకుని రివోక్, అంటే రద్దు చేయండి, అలా రద్దయిన పబ్లిక్ కీని ఇంతకుముందు తీసుకున్న ప్రతి ఒక్కరికీ మళ్లీ పంపండి, లేకపోతే రద్దయిందని వాళ్ల మెషీన్‌కి తెలియదు. తర్వాత కొత్త కీ చేసుకోండి. పాత ప్రైవేట్ కీని మాత్రం డిలీట్ చేయకండి, దాని జత పబ్లిక్ కీతో తాళం వేసిన పాత మెయిళ్లు తెరవాలంటే అదే కావాలి. రద్దు చేయడం ముందుకు వచ్చే మెయిళ్లకే పనికొస్తుంది. ఆ కీకి ఇప్పటికే వచ్చిన ఉత్తరాలు ఎవరైనా దాచి ఉంచితే వాటిని కాపాడలేదు.

ఇకనుంచి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ చేత్తో తగిలించకండి. మెయిల్ రాసే విండోలోనే ఓపెన్‌పీజీపీ మెనూలో "అటాచ్ మై పబ్లిక్ కీ" ఉంటుంది, నేను ఎప్పుడూ అదే వాడతాను, ప్రైవేట్ కీ పొరపాటున పట్టుకునే అవకాశమే ఉండదు.

ఇప్పుడు పంపడం. అవతలివాళ్ల పబ్లిక్ కీ దిగుమతి చేసుకుని, ఎన్‌క్రిప్ట్ నొక్కి పంపితే అయిపోయింది, వచ్చినది దానంతటదే తెరుచుకుంటుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది మాత్రం దాగదు, గుర్తుంచుకోండి.

దిగుమతి చేసుకున్న కీ నిజంగా ఆ మనిషిదేనా అని, ఆ కీని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింట్‌తో సరిచూడాలి. అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు కలిపి 40, నాలుగేసి చొప్పున పది గుంపులు. చివరి 8 చూసి వదిలేయకండి, ఆ 8 కలిసేలా దొంగ కీలు చేయవచ్చని 2014లోనే చేసి చూపించారు. మెయిల్‌లో అడగడం కూడా వద్దు, మెయిల్ మీద అనుమానంతోనే కదా ఇదంతా. ఫోన్ చేసి గొంతు గుర్తుపట్టి చదివించుకోండి. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్ హోరులో బస్సులో ఉన్నవాళ్లతో చేస్తే బీ, డీ, ఈ మూడూ ఒకేలా వినబడతాయి, ఏ అన్నారో ఎయిట్ అన్నారో తెలియదు. మా ఇంట్లో వాడే పద్ధతి చెబుతాను: అంకెలు తెలుగులో, అక్షరాలు ఊళ్లతో. ఆదోని, బాపట్ల, చీరాల, ధర్మవరం, ఏలూరు. ఎఫ్‌కి ఊరు తట్టలేదు, ఫ్యాన్ అంటాం. "ఎనిమిది, బాపట్ల, ఫ్యాన్, రెండు" అంటే మా అమ్మ కూడా తప్పు లేకుండా రాసుకుంటుంది. అన్నీ కలిశాకే ఆ కీ వివరాల్లో సరిచూశానన్న ఎంపిక పెట్టండి.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే. ప్రైవేట్ కీని పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి, అది అడిగే పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌కి దూరంగా, వేరే చోట పెట్టండి. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ ఉంటే దానిలో థండర్‌బర్డ్ వేసి, మీ మెయిల్ ఖాతా కలిపి, కీ కోసం ఆ పెన్‌డ్రైవ్, ఆ కాగితం తప్ప ఇంకేమీ ముట్టకుండా, పాత ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ ఒకటి తెరవండి. తెరుచుకోకపోతే మీ దగ్గర బ్యాకప్ లేనట్టే, మళ్లీ తీయండి. తెరుచుకుంటే ఆ ల్యాప్‌టాప్ నుంచి కీని తీసేసి, అప్పుడు నాకు ఎన్‌క్రిప్ట్ చేసి ఒక వరస రాయండి. మీ పబ్లిక్ కీ దానికి తగిలించడం మర్చిపోకండి, అది లేకపోతే నేను మీకు తాళం వేసి జవాబివ్వలేను.