సన్నని కాథెటర్‌తో గుండె ధమనుల చికిత్స: ఎంపిక, వాడే తీరు

గుండె ధమనుల్లోకి కాథెటర్ (సన్నని గొట్టం) పంపేందుకు దారి ఇచ్చే, మణికట్టు దగ్గరి రేడియల్ ధమని లోపలి వ్యాసం చాలామందిలో 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. కాథెటర్ల కొలమానమైన ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు కనుక 6 ఫ్రెంచ్ గైడ్ కాథెటర్ (గుండె ధమని ముఖద్వారం దాకా వెళ్లి, మిగతా పరికరాలకు దారి ఇచ్చే గొట్టం) వెలుపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు, 5 ఫ్రెంచ్‌ది సుమారు 1.67. షీత్‌పై (కాథెటర్ లోపలికి వెళ్లేందుకు మణికట్టు ధమనిలో అమర్చే పొట్టి గొట్టంపై) ఉండే అంకె మాత్రం దాని లోపలి కొలత. 6 ఫ్రెంచ్ షీత్ వెలుపల దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ధమనిని ఒరుసుకునేది ఆ వెలుపలి గోడే కాబట్టి, ముందుగా అల్ట్రాసౌండ్‌తో ధమనిని కొలిచి, అంతకన్నా సన్నని షీత్‌ను ఎంచుకోవాలి. ధమని బిగుసుకుపోవడం, తర్వాత మూసుకుపోవడం అప్పుడు తగ్గుతాయి.

ఆ తర్వాత చూడవలసింది, లోపలికి ఏమేమి పంపాలన్నది. ఒక వైరు, ఒక బెలూన్, ఒక స్టెంట్‌తో ముగిసే పనికి 5 ఫ్రెంచ్ సరిపోతుంది. ధమని రెండు కొమ్మలుగా విడిపోయే చోట రెండు మామూలు బెలూన్లను ఒకేసారి ఉబ్బించవలసి వస్తే మాత్రం మొదటే 6 ఫ్రెంచ్ తీసుకోవాలి. సన్నదనం మీద మక్కువతో మధ్యలో ఇరుక్కోవడం రోగికి మేలు కాదు.

సన్నని గొట్టానికి చేయి నెమ్మదించాలి. ప్రవాహం లోపలి వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కనుక, 6 నుంచి 5 ఫ్రెంచ్‌కు దిగితే అదే ఒత్తిడికి కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో ధమనులు కనిపించేలా చేసే ద్రవం) సగం కన్నా తక్కువే పారుతుంది. అందుకే చిన్న సిరంజితో, నిలకడగా నొక్కాలి. స్టెంట్ కాథెటర్‌లో ఉండగా చిత్రం మసకగా రావడం సహజం. బెలూన్‌ను వేగంగా లాగితే వెనుక నుంచి గాలి లోపలికి చొరబడుతుంది. మెల్లగా తీసి, రక్తం వెనక్కి చిమ్మాకే ఇంజెక్ట్ చేయాలి.

సన్నని గైడ్‌కు ఊత తక్కువ. ధమని ముఖద్వారంలో జబ్బు లేదని తేలితే, వైరు మీదుగా గైడ్‌ను కాస్త లోతుకు జరిపి, స్టెంట్ దాటగానే వెనక్కి తీసుకోవచ్చు. జరిపినంతసేపూ కాథెటర్ కొన దగ్గరి రక్తపోటును తెరపై చూపే ప్రెషర్ తరంగంపైనే కన్నుంచాలి. అది చదునైతే ఇంజెక్ట్ చేయకూడదు, ఎందుకంటే ఇంజెక్ట్ చేసే ఒత్తిడికి ధమని లోపొర చీలవచ్చు.

చివరగా, షీత్ తీశాక మణికట్టు పట్టీని రక్తం ఆగేంత మేరకే బిగించాలి. మణికట్టులో చిటికెన వేలి వైపుండే ఉల్నార్ ధమనిని నొక్కిపట్టినా వేలి ఆక్సిమీటర్‌లో తరంగం కనిపిస్తే, రేడియల్ ధమనిలో రక్తం పారుతున్నట్టే.